జాజికాయ, పామాయిల్, 4 మార్కులు

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాసేవాళ్ల కోసం ఇది. పార్ట్ సీలో ఒక్కో ప్రశ్నకి 4 మార్కులు, తప్పయితే అందులో పావు వంతు కోత. నేను అక్కడే దెబ్బతిన్నాను.

ప్రోటీన్‌కి కొవ్వు ఆమ్లాలు అంటుకోవడం అనే టాపిక్‌ని టేబుల్ గీసి బట్టీ పట్టాను. మిరిస్టాయిలేషన్: 14 కార్బన్లు, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం, అంటించేది ఎన్ఎంటీ ఎంజైమ్. పామిటాయిలేషన్: 16 కార్బన్లు, సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, అంటించేవి మనిషిలో 23 డీహెచ్‌హెచ్‌సీ ఎంజైమ్‌లు. అయినా రెండు పేర్లూ కలగాపులగం అయ్యేవి. ఒకరోజు అమ్మ బిర్యానీ మసాలాలోకి జాజికాయ కొడుతుంటే గుర్తొచ్చింది, దాని శాస్త్రీయ నామం మిరిస్టికా అని. పక్కనే పామాయిల్ ప్యాకెట్, అది పామిటిక్. ఆ తర్వాత మళ్లీ తికమక పడలేదు.

కానీ మాక్ టెస్ట్‌లో వచ్చింది వేరే. కణాలకి రేడియోయాక్టివ్ కొవ్వు ఆమ్లం ఇచ్చారు, ప్రోటీన్‌కి లేబుల్ అంటింది. న్యూట్రల్ పీహెచ్‌లో హైడ్రాక్సిలమైన్ అనే రసాయనం వేస్తే ఆ లేబుల్ ఊడిపోయింది. అది ఏ అమైనో ఆమ్లానికి అంటి ఉంది? నేను గ్లైసిన్ పెట్టాను. నా టేబుల్‌లో బంధం అనే గడే లేదు మరి! గ్లైసిన్‌తో ఉండేది అమైడ్ బంధం, అది కదలదు. సిస్టీన్‌తో ఉండే థయోఎస్టర్ మాత్రం తెగిపోతుంది.

మానవ కణాల్లో పామిటాయిలేట్ అయిన ప్రోటీన్లని ఏరే ఎసైల్-బయోటిన్ ఎక్స్చేంజ్ పద్ధతి మొత్తం ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది. ముందు ఎన్ఈఎం అనే రసాయనంతో ఖాళీగా ఉన్న సిస్టీన్లన్నిటినీ మూసేస్తారు. తర్వాత హైడ్రాక్సిలమైన్ వేస్తే పామిటేట్ ఊడి కొత్త థయోల్ (సిస్టీన్‌లోని సల్ఫర్ గ్రూపు) బయటపడుతుంది. దానికి బయోటిన్ అనే చిన్న అణువు తగిలించి, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ పూసలతో లాగి, ఏ ప్రోటీన్లో గుర్తించే మాస్ స్పెక్‌కి పంపుతారు. దీన్ని పెన్సిల్‌తో రెండు ట్యూబులుగా గీయండి. రెండో ట్యూబులో హైడ్రాక్సిలమైన్ ఉండదు, అదే కంట్రోల్. అందులోనూ వచ్చిన ప్రోటీన్ పామిటాయిలేట్ అయినట్టు కాదు, ఎన్ఈఎం సరిగ్గా మూయలేదేమో. యుబిక్విటిన్ ఎంజైమ్‌ల్లాంటి వాటిలోనూ థయోఎస్టర్ ఏర్పడుతుంది కాబట్టి మొదటి ట్యూబులో వచ్చినవన్నీ కూడా నమ్మడానికి లేదు.

రెండో దారి రెండు అణువులని చటుక్కున అతికించే క్లిక్ కెమిస్ట్రీ, 2022లో నోబెల్ వచ్చిందే. బతికున్న కణాలకి చివర ఆల్కైన్ (కార్బన్ల మధ్య త్రిబంధం) ఉన్న 17-ఓడీవైఏ అనే కొవ్వు ఆమ్లం తినిపిస్తారు. కణం దాన్ని పామిటేట్ అనుకుని ప్రోటీన్‌కి అంటిస్తుంది. తర్వాత రాగి సాయంతో ఎజైడ్-బయోటిన్ తగిలిస్తారు. ఇక్కడా హైడ్రాక్సిలమైన్‌తో ఊడిందా లేదా చూస్తేనే బంధం ఏదో తెలిసేది.

హెచ్-రాస్ అనే ప్రోటీన్ మీద కాసేపు కూర్చోండి. దాని తోక మీద రెండు పామిటేట్లు, ఒక ఫార్నెసిల్ ఉంటాయి. ఫార్నెసిల్ కొవ్వు ఆమ్లం కాదు, దానిది థయోఈథర్ బంధం. హైడ్రాక్సిలమైన్ వేస్తే పామిటేట్లు పోతాయి, ఫార్నెసిల్ అలాగే ఉంటుంది.

టేబుల్‌లో కొత్త గడి గీసుకున్నాక కూడా రెండు పేర్లు ఎర్ర ఇంకుతో పక్కన రాసుకోవాల్సి వచ్చింది. ఒకటి సోనిక్ హెడ్జ్‌హాగ్ ప్రోటీన్: పామిటేటే, సిస్టీనే, కానీ దాని ఎన్-టెర్మినల్ (ప్రోటీన్ మొదటి కొస) అమైనో గ్రూపుకి అంటుతుంది కాబట్టి అమైడ్. రెండోది బిడ్ ప్రోటీన్: దీని గ్లైసిన్ లోపల దాగి ఉంటుంది, కాస్పేజ్-8 ఎంజైమ్ కోశాకే బయటపడి మిరిస్టాయిలేట్ అవుతుంది. 'మిరిస్టాయిలేషన్ ఎప్పుడూ ప్రోటీన్ తయారవుతుండగానే జరుగుతుంది' అనే ఆప్షన్ కనిపిస్తే దాన్ని కొట్టేయడానికి ఈ బిడ్ చాలు.