నాకు నొప్పెడుతోంది, మె ద్వేలె

మంగళవారం, రాత్రి పదకొండు.

పొద్దున ఎనిమిదింటికే క్లినిక్‌లో మొదటి పేషెంట్. డెబ్బై దాటిన పెద్దావిడ. మెక్సికో నుంచి వచ్చి ఇక్కడ టెక్సస్‌లో కొడుకు దగ్గర ఉంటోందట. కుర్చీలో కూర్చుంటూనే చెంప మీద చెయ్యి పెట్టుకుని "మె ద్వేలె లా మ్వేలా" అంది. దవడ పన్ను నొప్పెడుతోందని! నాలుగు వారాల స్పానిష్ క్లాసు పుణ్యమా అని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆ సంతోషంలో వెంటనే "తె ద్వేలె ముచో?" అని అడిగేశాను, బాగా నొప్పిగా ఉందా అని. ఆవిడ కళ్ళు మూసుకుని తలూపింది.

ఎక్స్‌రే అయ్యాక ఫ్రంట్ డెస్క్‌లో ఉండే అమ్మాయి పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది. పెద్దవాళ్ళని అడిగేటప్పుడు "లె ద్వేలె" అనాలట. "తె" అంటే చెల్లెలినో ఫ్రెండునో అడిగినట్టట. మనసు చివుక్కుమంది. మొదటిసారి చూసిన పెద్దావిడని "నీకు నొప్పిగా ఉందా" అన్నానన్నమాట. తెలుగులో అయితే కలలో కూడా ఆ మాట నా నోట రాదు. మరి స్పానిష్‌లో ఎందుకు వచ్చింది? మధ్యాహ్నం లంచ్ బాక్స్ ముందు పెట్టుకుని కూడా అదే ఆలోచన. నేను ఇంగ్లిష్‌లో అనుకుని, దాన్ని స్పానిష్‌లోకి మార్చాను. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే "యు". మనకున్న నువ్వూ మీరూ ఆ దారిలో ఎక్కడో జారిపోయాయి.

సాయంత్రం ఆరున్నరకి లైబ్రరీలో క్లాసు. పన్నెండుమందిమి. నేను తప్ప అందరూ పుట్టినప్పటినుంచీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళే. ఇవాళ్టి పాఠం, ఇష్టాలు చెప్పడం. టీచర్ "ఐ లైక్ కాఫీ"ని స్పానిష్‌లో రాయమంది. నా పక్కన కూర్చునే రిటైరైన పెద్దాయన బోర్డు మీద "యో గుస్తో కఫే" అని రాశారు. నా నోట్‌బుక్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. అది తప్పు. "మె గుస్తా ఎల్ కఫే" అనాలి. ఇక్కడ పని చేసేది నేను కాదు, కాఫీ అని టీచర్ బొమ్మలు గీసి మరీ చెప్పింది. కప్పు నుంచి మనిషి వైపు బాణం గుర్తు వేసింది. క్లాసులో సగంమందికి ఎక్కలేదు. "ఇష్టపడేది నేనైతే కాఫీ పని చేయడమేంటి?" అని పెద్దాయన మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. ఇంగ్లిష్‌లో నిలబడి చూస్తే అది తలకిందులుగానే కనిపిస్తుంది.

నేను ఆ బాణం గుర్తునే చూస్తూ లోపల తెలుగులో అనుకున్నాను: నాకు కాఫీ నచ్చుతుంది. నాకు, మె. నచ్చుతుంది, గుస్తా. అంతే! "నేను కాఫీ నచ్చుతాను" అని మన ఇంట్లో రెండేళ్ళ పిల్ల కూడా అనదు కదా. టీచర్ ఇంకో వాక్యం రాసింది, "మె గుస్తాన్ లోస్ లిబ్రోస్". నాకు పుస్తకాలు నచ్చుతాయి. ఒకటైతే నచ్చుతుంది, ఎక్కువైతే నచ్చుతాయి. గుస్తా, గుస్తాన్. ఒళ్ళు పులకరించింది. పొద్దున ఆ పెద్దావిడ అన్నదీ ఇదే అచ్చు: నాకు పన్ను నొప్పెడుతోంది. "నా పన్ను" అని కూడా అనలేదావిడ. మనమూ అనం.

క్లాసయ్యాక ఇంటికి బయల్దేరకుండా పార్కింగ్‌లో కారులోనే కూర్చుని, లైటు వేసుకుని, పాత హోంవర్కులన్నీ తీశాను. ఎర్ర సిరాతో దిద్దిన తప్పుల పక్కన ఒక్కొక్కదానికీ తెలుగు రాస్తూ వచ్చాను. వయసు చెప్పమంటే "సోయ్ 38" అని రాశాను, ఇంగ్లిష్‌లో "ఐ యామ్" అంటాం కాబట్టి. "తెంగో 38 ఆన్యోస్" అనాలి, నాకు 38 ఏళ్ళున్నాయని. ఆకలేస్తే "తెంగో ఆంబ్రే", నాకు ఆకలిగా ఉంది. ఇద్దరు పిల్లలుంటే "తెంగో దోస్ ఇహోస్". మన "నాకు ఉంది", "నాకు ఉన్నాయి" అనే చోట చాలాసార్లు ఈ తెంగో వచ్చి కూర్చుంటోంది. సినిమా చూశాను అంటాం, అమ్మని చూశాను అంటాం. మనిషి రాగానే "ని" వస్తుంది. స్పానిష్‌లో సరిగ్గా అక్కడే ఒక "ఆ" వస్తుంది, "వేయో ఆ మి మమా", అమ్మని చూస్తున్నాను. క్లాసులో అందరూ వదిలేసే అక్షరం అది. "నో తెంగో నాదా" అంటే నా దగ్గర ఏమీ లేదు. రెండుసార్లు కాదంటే తప్పు కదా అని ఇంగ్లిష్‌వాళ్ళు సందేహిస్తారు. మనకి "ఏమీ" అన్నాక "లేదు" రాకపోతే వాక్యమే పూర్తవదు.

ఎక్కువసేపు ఆగింది మాత్రం సేర్, ఎస్తార్‌ల దగ్గర. వాక్యంలో అవి "ఎస్", "ఎస్తా" అవుతాయి. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే "ఈజ్". అందుకే మా క్లాసులో అందరికీ టెన్షన్. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని ఎవరో చెప్పారు గానీ, ఊళ్ళ దగ్గర ఆ సూత్రం నిలవదు. హైదరాబాద్ ఎక్కడికీ కదలకపోయినా "ఎస్తా ఎన్ లా ఇందియా" అనే అనాలి. తెలుగులో పెట్టి చూశాను. ఆమె అందంగా ఉంటుంది: ఎస్. ఇవాళ అందంగా ఉంది: ఎస్తా. హైదరాబాద్ ఇండియాలో ఉంది: ఎస్తా. పెళ్ళి హైదరాబాద్‌లో: ఇక్కడ మనం "ఉంది" అనకుండా వదిలేస్తాం, వాళ్ళు "ఎస్" అంటారు. అన్నిచోట్లా ఇలా అతుకుతుందని కాదు. కానీ ఉంటుందికీ ఉందికీ తేడా తెలిసిన చెవి నాకు పుట్టుకతోనే ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఏ కొత్త భాషలోకైనా ఇంగ్లిష్ గుమ్మంలోంచే వెళ్ళాలనుకున్నాను. ఆ చెవి ఉందన్న సంగతే ఇన్నేళ్ళూ గుర్తు రాలేదు. దానికి నిజంగా బాధేసింది.

తెలుగు చెయ్యి అందించని చోట్లూ ఉన్నాయి. బల్లకీ కుర్చీకీ ఆడా మగా మనకు లేవు. స్పానిష్‌లో ఆడ మాట ముందు "లా", మగ మాట ముందు "ఎల్". మామూలుగా చివర "ఆ" ఉంటే ఆడ, "ఓ" ఉంటే మగ. కానీ అన్నీ అలా ఉండవు. చెయ్యి "లా మానో", రోజు "ఎల్ దీయా", సమస్య "ఎల్ ప్రోబ్లేమా". చివరి అచ్చును నమ్ముకుంటే మూడూ తప్పే. తెల్ల ఇల్లు అనే మనమూ, "వైట్ హౌస్" అనే వాళ్ళూ "కాసా బ్లాంకా" దగ్గర ఒకేలా తడబడతాం, అక్కడ ఇల్లు ముందు, తెలుపు వెనక. నేనైతే కాఫీ ముందు "ఎల్" పెట్టడం రోజూ మర్చిపోతున్నాను. ఇవి బట్టీ పట్టాల్సిందే.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. పిల్లలు పడుకున్నారు. అన్నంలో పెరుగు కలుపుకు తిని, నోట్‌బుక్‌లో ప్రతి పేజీకీ స్కేలుతో ఇంకో గీత కొట్టి మూడు గడులు చేశాను. స్పానిష్, ఇంగ్లిష్, పక్కన తెలుగు.

ఆ పెద్దావిడ శుక్రవారం రూట్ కెనాల్‌కి వస్తోంది. ఏం అడగాలో ముందు తెలుగు గడిలో రాశాను: ఇంకా నొప్పిగా ఉందా అండీ? తర్వాత స్పానిష్ గడిలో: సెన్యోరా, తొదవీయా లె ద్వేలె? ఆ "లె" కింద రెండు గీతలు గీశాను. ఇంగ్లిష్ గడి ఖాళీగా వదిలేశాను.