గుడ్డు లేని కాంతుచ్చి

మేముండే ప్రాతోలో బిస్కట్ అంటే కాంతుచ్చే. ఇటలీలో ఫ్లోరెన్స్ పక్కనున్న బట్టల మిల్లుల ఊరు ఇది. 1858లో ఆంతోనియో మత్తేయి పెట్టిన బిస్కట్ల కొట్టు ఇక్కడ ఇంకా నడుస్తోంది, నీలం కాగితం పొట్లాల్లో కట్టిస్తారు. బయటి దేశాలవాళ్లు బిస్కోత్తి అని కాఫీలో ముంచుకుని తినేది దీన్నే. ఇక్కడి పెద్దవాళ్లు మాత్రం భోజనాలయ్యాక విన్ సాంతో అనే తీపి వైన్‌లో ముంచుకుంటారు. పిల్లలకు పాలు.

మా అమ్మాయికి ఇవి చేయడం కింది వాటాలో ఉండే పెద్దావిడ నేర్పారు. అరకిలో మైదా, 300 గ్రాముల పంచదార, నాలుగు గుడ్లు, పావుకిలో పొట్టు తీయని బాదంపప్పు. వెన్న ఊసెత్తితే ఆవిడ ఒప్పుకోరు. ముద్దను పొడుగ్గా చుట్టి 180 డిగ్రీల దగ్గర కాల్చి, వేడి మీదే ఏటవాలుగా కోసి, ఆ ముక్కల్ని మళ్లీ ఓవెన్లో పెట్టాలి. చల్లారనిస్తే బాదంపప్పు దగ్గర కత్తి దిగదు, ముక్కలు విరిగిపోతాయి. రెండోసారి కాల్చినప్పుడు తడంతా ఆరిపోతుంది కాబట్టి డబ్బాలో వారాల తరబడి నిలవుంటాయి.

'ముందు మన సున్నుండలు నేర్పొచ్చు కదా' అంటారు తెలిసినవాళ్లు. నేర్పుతాను, అదెలాగూ ఉంది. కానీ మా పిల్లకు బడి ఇటాలియన్లో, ఆట ఇటాలియన్లో. ఇంట్లో తెలుగేమో రా, తిను, పడుకో దగ్గర ఆగిపోతోంది. అంతకు మించి మాట పెరగాలంటే ఇద్దరం కలిసి గంటసేపు చేసే పని ఒకటుండాలి. అది ఎవరి వంటైతేనేం?

"అమ్మా, చేతికి అంటుకుపోతోంది."

"చెయ్యి తడి చేసుకో. ఇంకా పిండి చల్లావంటే రాయిలా అవుతాయి."

"ఎర్రబడ్డాయా?"

"ఇంకా లేదు. దోరగా రానీ."

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు అమ్మాయి పళ్లెం నిండా తెచ్చి ముందు పెట్టింది. "గుడ్డు పడిందా తల్లీ?" అన్నారావిడ. పడిందనగానే పళ్లెం మెల్లిగా పక్కకు జరిపి, పిల్లను దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకున్నారు. నేనేదో సర్దిచెప్పబోయాను కానీ అమ్మాయి అప్పటికే మెట్లు దిగుతోంది, గుడ్డు బదులు ఏం వేయాలో కింద అడగడానికి.

వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాన్నమ్మ గుడ్డు ఎందుకు తినదో పిల్ల ఇటాలియన్లో చెబుతోంది. చిన్నప్పటి నుంచీ ముట్టలేదట, దేవుడికి పెట్టనిది తను తినదట. తడబడకుండా, సంజాయిషీ ఇస్తున్నట్టు కాకుండా చెప్పింది. పెద్దావిడ తలూపి, వాళ్లమ్మ శుక్రవారాలు మాంసం ముట్టేది కాదన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, వెన్నకు ఒప్పుకున్నారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇలా చెప్పాలని నేనెన్నడూ నేర్పలేదు మరి.

కరిగించిన వెన్న, గట్టి పెరుగు, కొంచెం బేకింగ్ పౌడర్ వేస్తే ముద్ద కుదురుతుంది. అయితే గుడ్డు పట్టి ఉంచినంతగా ఇవి పట్టి ఉంచవు. అందుకని వీటిని ఓవెన్లోంచి తీయగానే కోయకూడదు, పావుగంట ఆరనిచ్చి రంపపు పళ్ల కత్తితో కోయాలి. అత్తగారు ఫిల్టర్ కాఫీలో నానబెట్టుకుని తిన్నారు, సోంపు వేస్తే ఇంకా బాగుంటుందన్నారు. ఆ మాట కింద చెబితే, సోంపు లాంటిదే ఒక గింజ మా ఊరున్న టస్కనీ ప్రాంతంలోనూ వేస్తారని పెద్దావిడ తన డబ్బాలోంచి తీసి ఇచ్చారు.

ఇప్పుడు అమ్మాయి రెండు వాయిలు చేస్తోంది. గుడ్డు లేనివి ముందు కాలుస్తుంది, వాటి పళ్లెం, కత్తి వేరుగా పెట్టుకుంది.