సిబ్లింగ్ గడిలో ఒక గీత

మా చిన్నోడికి ఎల్‌కేజీ సీటు పది నిమిషాల్లో వచ్చింది. కింద పోర్షన్‌లో ఉండే అమ్మాయి కూతురికి అదే స్కూల్లో రాలేదు. ఇద్దరు పిల్లలకీ వయసులో పదకొండు రోజులే తేడా. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి మెట్ల మీద పొద్దస్తమానం కలిసి ఆడుకుంటారు. ఒకే కంచంలో పప్పన్నం తిన్న రోజులు బోలెడు. ఏడాది కావస్తున్నా ఆ సంగతి నా మనసులోంచి పోవడం లేదు.

పోయిన డిసెంబర్‌లో ఇద్దరం కలిసే వెళ్ళి ఫారాలు కొన్నాం. ఒక్కోటి ఆరు వందలు. ఆ సాయంత్రం మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నింపాం. రెండో పేజీ మధ్యలో ఒక గడి ఉంది. ఇదే స్కూల్లో చదువుతున్న అన్న లేదా అక్క పేరు, తరగతి, అడ్మిషన్ నంబరు రాయాలి. నేను మా పెద్దదాని పేరు, మూడో తరగతి బి సెక్షన్, నంబరు రాసేసి పేజీ తిప్పాను. ఆ అమ్మాయి మాత్రం అక్కడే ఆగిపోయింది. "ఇక్కడ ఏటి రాయాలక్కా? మాకెవరూ లేరు కదా" అంది. వాళ్ళది పలాస వైపు. "గీత పెట్టేయమ్మా" అన్నాను. ఫారం పాడవకూడదని మా పెద్దదాన్ని స్కేలు అడిగి తీసుకుని, గడికి ఈ చివర నుంచి ఆ చివరికి వంకర లేకుండా గీసింది.

జనవరిలో నాకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "సిబ్లింగ్ కదా మేడమ్, ఒరిజినల్స్ పట్టుకొచ్చి ఫీజు కట్టేయండి" అన్నారు. బాబుని తీసుకురమ్మని కూడా అనలేదు. కింద వాళ్ళకి మాత్రం ఇంటరాక్షన్ అన్నారు. పాపకి కొత్త గౌను వేసి, జడలు వేసి తీసుకెళ్ళారు. రంగులు అడిగారట, పళ్ళ పేర్లు అడిగారట. పాప అన్నీ చెప్పింది. తర్వాత తల్లిదండ్రులు ఏం చదివారు, నాన్న ఎక్కడ పని చేస్తున్నారు అని అడిగారట. వాళ్ళాయన పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో చేస్తాడు, డిగ్రీ మధ్యలో ఆపేశాడు. వారం తర్వాత లిస్టు పెట్టారు. పేరు లేదు.

నేనే ఆఫీసుకి వెళ్ళి అడిగాను. మొత్తం సీట్లెన్ని, అందులో సిబ్లింగ్స్‌కి ఎన్ని పోయాయి అని. "అది చెప్పడం కుదరదు మేడమ్" అని ఒక్క మాటతో సరిపెట్టారు. జూన్‌లో స్కూలు తెరిచాక గేటు దగ్గర నేనే లెక్క పెట్టుకున్నాను. చిన్నోడి సెక్షన్‌లో నలభై మంది. అదే స్కూల్లో అన్నో అక్కో ఉన్నవాళ్ళు, నాకు తెలిసినంతవరకే, పద్నాలుగు మంది. టీచర్ల పిల్లలు కాక. అంటే కింద పాప నలభై సీట్ల కోసం పోటీ పడలేదు. ఎన్నింటి కోసం పడిందో ఫారం కొన్నప్పుడు వాళ్ళమ్మకి ఎవరూ చెప్పలేదు.

సిబ్లింగ్ కోటా తీసేయమని నేను అనను. దాని విలువ ప్రతి ఉదయం చూస్తున్నాను. ఎనిమిదింటికి ఇద్దరూ కలిసి బయల్దేరతారు. స్కూలు మా ఇంటికి నడిచి ఎనిమిది నిమిషాలు. మొదటి నెలంతా చిన్నోడు గేటు దగ్గర నా చున్నీ వదిలేవాడు కాదు. అక్క వచ్చి "నా క్లాసు నీ క్లాసు పైనే ఉంది, గట్టిగా పిలిస్తే వినిపిస్తుంది" అని చెప్పి వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేది. అదే వాడికి ధైర్యం. నేను బ్యాంకులో చేస్తాను, పదింటికల్లా కౌంటర్లో ఉండాలి. ఇద్దరూ రెండు స్కూళ్ళయితే రెండు ఆటోలు, రెండు రకాల సెలవులు, ఒకే శనివారం రెండు పేరెంట్స్ మీటింగులు. ఇద్దరు పిల్లల్ని పెంచే ఏ ఇంటికైనా ఈ టెన్షన్ భరించడం కష్టం. కాబట్టి తమ్ముడికి అక్క ఉన్న స్కూల్లో చోటివ్వడం న్యాయమే.

కానీ ఇందులో ఒక చిక్కుంది. మా పెద్దదానికి అప్పట్లో సీటు రావడం ఒక్కసారి కలిసొచ్చిన అదృష్టం. అది అక్కడితో ఆగలేదు, తమ్ముడికీ దారి వేసింది. కింద ఇంట్లో పెద్దపాపకి ఆ ఒక్కసారి రాలేదు కాబట్టి, ఇప్పుడు ఒళ్ళో ఉన్న ఎనిమిది నెలల చంటిదాని దారి కూడా మారిపోయింది. నాలుగేళ్ళ పిల్ల పళ్ళ పేర్లు చెప్పిన ఆ పావుగంట ఇద్దరు ఆడపిల్లల చదువుని తేల్చేసింది. నాకు భరించలేనిది అదే.

ఢిల్లీలో 2013 డిసెంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ నర్సరీ అడ్మిషన్లకి 100 పాయింట్ల లెక్క తెచ్చారు. ఇల్లు దగ్గరైతే 70, తోబుట్టువు ఉంటే 20, తల్లో తండ్రో అక్కడ చదివి ఉంటే 5, వేరే రాష్ట్రం నుంచి బదిలీ మీద వస్తే 5. ప్రైవేటు స్కూళ్ళ స్వేచ్ఛకి అడ్డని హైకోర్టు 2014 నవంబర్‌లో దాన్ని కొట్టేసింది. అయినా అక్కడి స్కూళ్ళు దేనికెన్ని పాయింట్లో ముందే వెబ్‌సైట్లో పెట్టాలి. ఆ 2013 లెక్క ప్రకారం చూస్తే మా వాడికి 90, కింద పాపకి 70 వస్తాయి. మా వాడే ముందుంటాడు, కాదనను. కానీ అక్క ఉన్నా, దూరంగా మధురవాడ నుంచి బస్సులో వచ్చే పిల్లవాడి కంటే పక్క వీధి పాప ముందుంటుంది. వాళ్ళ నాన్న డిగ్రీకి ఒక్క పాయింటూ లేదు.

2009 విద్యాహక్కు చట్టం కూడా చదివాను. లాటరీ లాంటి పద్ధతిలో తప్ప ఒక పిల్లని కాదని ఇంకో పిల్లని ఎంచుకోవడాన్ని అది స్క్రీనింగ్ అంటుంది. పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ అలా వడకట్టకూడదు. మొదటిసారి చేస్తే 25 వేల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా. ఆ పేజీ చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. కానీ చట్టం దృష్టిలో 'బాలలు' అంటే 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు. మనం సీటు కోసం పరుగులు పెట్టేది నాలుగేళ్ళ పిల్లలతో. ఎల్‌కేజీలో చేరినవాళ్ళే ఒకటో తరగతికి నడిచి వెళ్ళిపోతారు, అక్కడ కొత్తగా చేరే చోటు పెద్దగా మిగలదు. అసలు ఎంపిక జరిగే వయసు చట్టం చేతికి అందడం లేదు.

కింద పాప ఇప్పుడు ఏడున్నరకే ఆటో ఎక్కుతుంది. మద్దిలపాలెం జంక్షన్ దగ్గర హైవే దాటి సీతమ్మధార వైపు వెళ్ళాలి. స్కూలు మంచిదే, టీచర్లు బాగా చూసుకుంటున్నారు. కాకపోతే ఆటోలో ఎనిమిది మంది పిల్లలు. వానాకాలంలో జంక్షన్ దగ్గర నీళ్ళు నిలిచిన రోజు ముప్పావుగంట ఆలస్యంగా ఇల్లు చేరింది. వాళ్ళమ్మ చంటిదాన్ని చంకనేసుకుని గేటు దగ్గరే నిలబడింది. ఆటో కనబడ్డాక నాతో, "చిన్నదానికైతే ఆ గడిలో పేరు రాయొచ్చక్కా, కాపోతే హైవే అవతల స్కూల్లో" అంది.

మొన్న మంగళవారం మా స్కూలు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం ఇచ్చాను. తల్లిగా రాశాను, కోపంగా రాయలేదు. తోబుట్టువుల సీట్లు నవంబర్‌లోనే ఇచ్చేయండి. మిగిలినవి ఎన్నో నోటీసు బోర్డు మీద రాయండి. ఆ తర్వాతే ఫారాలు అమ్మండి. ఆ మిగిలిన సీట్లకి దగ్గర్లో ఉన్న పిల్లల పేర్లతో అందరి ముందూ లాటరీ తీయండి, తల్లిదండ్రుల చదువు అడగకండి. ఇంతే రాశాను. మా పిల్లలిద్దరూ అక్కడే చదువుతున్నారు, ఎందుకొచ్చిన గొడవ అని మా ఆయన భయపడ్డారు. సీటు వచ్చినవాళ్ళం అడక్కపోతే రానివాళ్ళ మాట ఎవరు వింటారని అడిగాను. ఆయనే స్కూటర్ మీద దింపారు.

ఉత్తరం అందినట్టు కాపీ మీద ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని వచ్చాను. డిసెంబర్‌లో ఫారాలు అమ్మే మొదటి రోజు బ్యాంకుకి సగం పూట సెలవు పెట్టి ఆ బోర్డు చూడ్డానికి వెళ్తాను.