వలిసె పిట్టలు

రెండేళ్ల కిందట, జనవరి ఆఖరి వారాంతం. గడ్డి మీద మంచు గడ్డకట్టి తెల్లగా ఉంది. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం మేము. ఇంటి వెనక తోట నాలుగు నులక మంచాలు వేస్తే నిండిపోతుంది. వంటింటి కిటికీ దగ్గర మా పాప నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది. అప్పటికి దానికి ఏడేళ్లు. ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ 1979 నుంచి ఏటా ఈ రోజుల్లో పిట్టల లెక్క నడుపుతోంది. గంటసేపు కూర్చుని, ఒక్కో రకం ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపించాయో రాయాలి. అలాగైతే వెళ్లిన పిట్టే మళ్లీ వచ్చినా రెండుసార్లు లెక్కలోకి రాదు.

"అమ్మా, గోల్డ్‌ఫించ్‌ని తెలుగులో ఏమంటారు?"

అది మన ఊళ్లలో ఉండదు కాబట్టి మనవాళ్లు పేరు పెట్టలేదన్నాను. నిజమే చెప్పాను గానీ ఆ ప్రశ్న రోజంతా నన్ను వదల్లేదు. ప్రతి శనివారం పాపని తెలుగు క్లాసుకి తీసుకెళ్తున్నాను. ఋషి, రథం, గంప, విసనకర్ర అన్నీ వచ్చు దానికి. అన్నీ బొమ్మల్లో చూసినవే. రోజూ కళ్లెదుట ఎగిరే పిట్టకి మాత్రం నా దగ్గర తెలుగు లేదు. తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిస్తుందని ఎన్నోసార్లు బాధపడ్డాను. అది చూసే ప్రపంచం గురించి నేను తెలుగులో ఎన్ని మాటలు మాట్లాడానని అప్పటిదాకా ఆలోచించలేదు.

గోల్డ్‌ఫించ్‌లకి ఇష్టమైన గింజలని ఇక్కడ నైజర్ పేరుతో అమ్ముతారు. చాలా సన్న గింజలు, పిట్టల కోసం గింజలు పోసి వేలాడదీసే మామూలు ఫీడర్‌లో పోస్తే కారిపోతాయి. చిన్న చిన్న కంతలున్న ఫీడర్ వేరే కొనాలి. ఆ వారమే పాప వాటిని ఫీడర్‌లో పోస్తూ, వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మకి అరచేతిలో పోసి చూపించింది. నల్లగా, నున్నగా, సూదిమొనల్లా ఉన్నాయి.

"దగ్గరికి పెట్టవే... ఇవి వలిసెలే గదమ్మా!" అంది అమ్మ.

మాది శృంగవరపుకోట. అరకు వెళ్లే రైలు మా ఊరి మీదుగానే కొండ ఎక్కుతుంది. దసరా దాటాక అరకు కొండల్లో వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి. నేను ఆ పూల మధ్య నిలబడి ఫొటోలు దిగినదాన్నే. గింజ మాత్రం ఎప్పుడూ చేతిలోకి తీసుకుని చూడలేదు. అక్కడివాళ్లు ఆ గింజల నూనెతో వండుకుంటారని, మన దేశం నుంచి విదేశాలకి పిట్టల మేతగా కూడా వెళ్తాయని ఆ తర్వాతే తెలుసుకున్నాను. పూల ఫొటోలు చూపిస్తే పాప చాలాసేపు ఫోన్ వదల్లేదు. "అయితే అది వలిసె పిట్టే. పేరు లేకపోవడమేంటి" అని అమ్మ తేల్చేసింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పేర్లు పెట్టడం మొదలైంది. నెత్తి మీద నీలంగా ఉండే బ్లూ టిట్ నీలిటోపీ అయింది. సుమారు పదకొండు గ్రాములే ఉంటుంది గానీ తలకిందులుగా వేలాడుతూ తింటుంది. గుండ్రటి ఒళ్లు, ఇంత పొడుగు తోక ఉన్న లాంగ్ టెయిల్డ్ టిట్‌కి పాప పెట్టిన పేరు గరిటె పిట్ట. ఇక దాన్ని ఇంకో పేరుతో పిలవడం నా వల్ల కాదు. స్టార్లింగ్ మన గోరువంక కుటుంబంలోదే, అందుకే చుక్కల గోరువంక అన్నాం.

ఆ చలికాలమే గ్రీన్‌ఫించ్ అనే పిట్ట ఒకటి ఒళ్లంతా ఉబ్బించుకుని, మేం దగ్గరికెళ్లినా ఎగరకుండా కూర్చుంది. మర్నాడు కంచె కింద చచ్చిపడి ఉంది. పాప బాగా ఏడ్చింది. ఏం జబ్బో చెప్పలేను గానీ, నేను నెలల తరబడి ఫీడర్ కడగని మాట నిజం. మురికి ఫీడర్ల దగ్గర అంటుకునే గొంతు జబ్బు వల్ల ఈ దేశంలో గ్రీన్‌ఫించ్‌లు ఎంతగానో తగ్గిపోయాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం మేమిద్దరం గ్లౌజులు వేసుకుని ఫీడర్లు కడుగుతాం.

పేరు వెతుక్కోనక్కర్లేని పిట్ట ఒక్కటే, పిచ్చుక. ఇరవై ఏళ్లకి పైగా ఇక్కడి లెక్కల్లో అదే మొదటిది. అయినా మొదట్లో తోటల్లో కనిపించినన్నిటిలో ఇప్పుడు సగం కూడా లేవు. పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు అమ్మ వాళ్ల వసారాలో వేలాడదీసిన వరికంకుల కుచ్చు మీద ఓ మగ పిచ్చుక వాలింది. గొంతు కింద అదే నల్లమచ్చ.

"అమ్మా, ఇది మన రెడింగ్ పిట్టే!" అని అరిచింది పాప.

రెడింగ్‌లో దాన్ని చూసినప్పుడల్లా నేను మన ఊరి పిట్ట అనుకుంటాను. ఆ మాటకి మనసు కాస్త చివుక్కుమంది. కానీ పాప ముఖం ఎంత వెలిగిపోయిందంటే, కాదని చెప్పబుద్ధి కాలేదు. దాని ఊరు దానికుంది.

ఈ జనవరిలో కూడా లెక్కపెట్టాం. నోట్‌బుక్‌లో వంకర అక్షరాలతో "వలిసె పిట్టలు 4" అని తెలుగులోనే రాసుకుంది. వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ పేరు ఎక్కించి, ఫోన్ తీసుకుంది.

"అమ్మమ్మా, ఇవాళ నీ పిట్టలు నాలుగొచ్చాయి."

"చలికి పాపం... వలిసెలున్నాయా, అయిపోయాయా?" అంది అమ్మ.