గోమారి పట్టిన కథ, స్కాట్లాండ్ దీవి నుంచి

పొద్దున్నే బ్రష్ చేసుకుని నీళ్ళు పుక్కిలిస్తే నోట్లో నీళ్ళు నోట్లో ఆగకుండా కుడిపక్క నుంచి పిచికారీ కొట్టినట్టు గోడ మీదకి పోయాయి. మొదట నవ్వొచ్చింది. అద్దంలో చూస్తే ఆ నవ్వు ఎడమపక్కే ఉంది, కుడిపక్క మొహం ఎవరిదో తెచ్చి నాకు అతికించినట్టు అలాగే ఉండిపోయింది, కన్ను మూద్దామంటే రెప్ప సగం దాకా వచ్చి ఆగిపోతోంది. అప్పుడు కాళ్ళలో వణుకు మొదలైంది చూడండీ. నాకు ముప్ఫై కూడా నిండలేదు, పక్షవాతం ఏంటి నాకు అనుకున్నా.

అది పోయినేడాది జూలై మొదటి వారం. మేముండేది సౌత్ యూయిస్ట్ అనే దీవిలో, స్కాట్లాండ్‌కి పడమరగా అట్లాంటిక్ సముద్రంలో అవుటర్ హెబ్రిడీస్ అని దీవుల వరస ఉంటుంది, అందులో ఒకటి. మీరక్కడ ఎలా పడ్డారు అని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తా. మాది భీమవరం పక్కన, మా ఆయన వాళ్ళవి రొయ్యల చెరువులు, ఆ పిచ్చితోనే స్టిర్లింగ్ యూనివర్సిటీలో ఆక్వాకల్చర్ ఎంఎస్సీ చేసి ఇక్కడ సాల్మన్ చేపల ఫామ్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాడు. పెళ్ళైన ఏడు నెలలకి నేనొచ్చా. నాకు వరసకి బావే, చిన్నప్పట్నుంచి బావా అనే పిలుపు, పెళ్ళయ్యాక కూడా మారలేదు. ఈ పిలుపు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

బావ తెల్లారకుండానే బోటెక్కి సముద్రంలో చేపలు పెంచే వల బోనుల దగ్గరకి వెళ్ళిపోయాడు, ఫోన్ చేశా. బావా అందామనుకుంటే "వావా" అని వచ్చింది. అవతల పడీ పడీ నవ్వాడు, ఏదో వేళాకోళం చేస్తున్నా అనుకున్నాడు పాపం. రెండోసారి కూడా వావా అనేసరికి నవ్వు ఆగిపోయింది. పెదాలు రెండూ కలిస్తేనే కదా ప, బ, మ పలికేది, నాకు సగం పెదాలే పని చేస్తున్నాయి, తెలుగులో ఆ మూడక్షరాలు లేకుండా ఒక్క వాక్యం మాట్లాడి చూడండి తెలుస్తుంది.

బావ ఒడ్డుకి రావాలంటే కనీసం గంట. ఈలోగా నేను చేసిన పని పక్కింటికి పరిగెత్తడం. పక్కిల్లంటే మన లెక్కలో కాదు, మధ్యలో గొర్రెలు మేసే రెండు పొలాలు ఉంటాయి. అక్కడ ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు, నేను ఆవిడని నాయనమ్మ అనే పిలుస్తా, అర్థం అడిగి తెలుసుకుని ఒప్పుకున్నారు. నా మొహం చూసి ఆవిడ కంగారు పడలేదు. కనుబొమలు పైకెత్తమన్నారు, కుడిది లేవలేదు. రెండు చేతులు ఎత్తమన్నారు, రెండూ లేచాయి. ఒక్క మాట అన్నారు, "గార్టన్?" అని. గేలిక్ భాషలో అంటే ఏంటో నాకప్పటికి తెలీదు. కారు తాళాలు తీసుకుని పద అన్నారు.

హాస్పిటల్ ఉండేది పక్క దీవి బెన్‌బెక్యులాలో, బాలివానిక్ అనే ఊళ్ళో. దీవుల మధ్య సముద్రం మీద రాళ్ళతో కట్టిన రోడ్డు కట్టలుంటాయి కాబట్టి కారులోనే పోవచ్చు, ముప్పావు గంట. చాలా చోట్ల ఒక్క బండి పట్టే రోడ్డే, ఎదురుగా ఎవరైనా వస్తే పక్కన చిన్న జాగాలో ఆగి దారివ్వాలి, ఆగిన ప్రతివాళ్ళకీ చెయ్యి ఊపాలి. ఆ పరిస్థితిలో కూడా ఆవిడ ప్రతి కారుకీ చెయ్యి ఊపుతూనే ఉన్నారు. నేను టవల్ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నా. (మేము తిరిగొచ్చేసరికి ఊరందరికీ తెలిసిపోయింది, ఆ టవల్ వల్లే అని నా అనుమానం.)

దారిలోనే అమ్మకి వీడియో కాల్ చేశా, అది నా తప్పే. అమ్మ చూడగానే ఏడుపు, మూతి వంకరపోయింది, దిష్టి తగిలింది, ఆ చలి గాలిలో తిరగొద్దంటే విన్నావా. వెనకాల మా పిన్ని, పావురం కూర తినిపిస్తే పక్షవాతం పోతుంది, అక్కడ పావురాలు ఉంటాయా అని అడుగుతోంది. ఉంటాయి పిన్నీ, ఇక్కడి కొండరాళ్ళలో ఉండేవి ఊళ్ళల్లో పావురాలన్నిటికీ మూలమైన అడవి జాతి, బావ బైనాక్యులర్స్ పెట్టుకుని మరీ చూస్తాడు, వాటిని కూర వండితే దీవి నుంచి తరిమేస్తారు.

డాక్టర్ కూడా ముందు కనుబొమలే చూశారు. నుదురు ముడత కూడా పడట్లేదంటే ఇది మెదడులో స్ట్రోక్ కాదు, మొహానికి వెళ్ళే నరం దెబ్బతిన్నట్టు అని చెప్పారు. స్ట్రోక్ అయితే మామూలుగా నుదురు కదులుతుందంట. చేతులు, కాళ్ళు, మెడ అన్నీ చూశాక అడిగిన ప్రశ్న, ఈ మధ్య టిక్ ఏమైనా కుట్టిందా అని. అప్పుడు వెలిగింది గార్టన్ అంటే ఏంటో. టిక్ అంటే మన గోమారి! గేదెలకీ కుక్కలకీ పట్టుకునే గోమారి.

ఇప్పుడు మే నెలకి వెళ్ళాలి. ఇక్కడ మే నెలలో పీట్ తవ్వుతారు. బీడు నేలలో వేల ఏళ్ళుగా నాచు, గడ్డి కుళ్ళి నల్ల మట్టిలా అయిపోయి ఉంటుంది, దాన్ని పొడుగు ఇటుకల్లా కోసి ఎండబెట్టి చలికాలం పొయ్యిలో కాలుస్తారు. మొదటిసారి చూసినప్పుడు అచ్చం మా ఊళ్ళో పిడకలు ఆరబెట్టినట్టే అనిపించి ఫోటో తీసి ఇంటికి పంపించా. నాయనమ్మగారి పీట్ తవ్వడానికి నలుగురైదుగురం వెళ్ళాం, మేమూ సాయం. కోసేవాళ్ళు కోస్తుంటే నేను ముక్కలు పరిచా, మధ్యలో స్ట్రూపాక్ అంటారు, టీ, దాంతో పాటు కేకో స్కోనో, అదీ గడ్డిలో చతికిలబడి తిన్నాం. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి మరీ.

ఆ సాయంత్రం చేతి మీద ఒక గోమారి కనబడింది, గసగసాల గింజంత, దగ్గరగా చూస్తే కాళ్ళు కదులుతున్నాయి. నాకు భయం లేదు, మా నాయనమ్మ (అసలు నాయనమ్మ) గేదె పొదుగు దగ్గర గోమార్లకి కిరసనాయిల్ గుడ్డ అద్దేది, నేను కిరసనాయిల్ లేక కొబ్బరినూనె రాశా. కాసేపటికి ఊడిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయా. మోకాలి వెనక ఇంకోటి ఉందని నాకేం తెలుసు. తర్వాత హాస్పిటల్లో ఈ నూనె విషయం చెప్తే నర్సు తల పట్టుకుంది. నూనె, కిరసనాయిల్, అగ్గిపుల్ల ఏవీ పెట్టకూడదంట, అలా పెడితే అది ఇబ్బంది పడి లోపలున్నదంతా మన ఒంట్లోకి కక్కుతుందంట. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగాలి, అంతే.

జూన్‌లో మోకాలి వెనక అరచేయంత మచ్చ వచ్చింది. దురద లేదు, నొప్పి లేదు. కమిలినట్టు కాస్త ముదురు రంగులో ఉంది, కేర్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్ళని చూసుకునే చోట, పనికి వెళ్తా కదా ఏ మంచం కోడో తగిలుంటుంది అనుకున్నా. ఊరికే నెట్‌లో కూడా చూశా, టిక్ మచ్చ అంటే బాణాలు వేసే గురి బోర్డులా ఎర్రటి చుట్టలు చుట్టలుగా ఉన్న ఫోటోలే అన్నీ, అన్నీ తెల్లటి కాళ్ళ మీదే. నా కాలు మీద ఎరుపు ఎక్కడ కనబడుతుంది? మన రంగు ఒంటి మీద అది గోధుమగానో ఊదాగానో దెబ్బ తగిలినట్టు ఉంటుందని ఆ ఫోటోల కింద ఒక్కరూ రాయలేదు. ఈ కథంతా రాయడానికి అసలు కారణం ఇదే. మన పిల్లలు బోలెడంత మంది స్కాట్లాండ్‌లో చదువుతున్నారు, వీకెండ్ అయితే హైలాండ్స్ కొండల్లో ట్రెక్కింగ్ అంటూ గడ్డిలో పడి ఫోటోలు దిగుతారు. రంగు కాదు చూడాల్సింది, మచ్చ రోజురోజుకీ పెద్దదవుతోందా అని చూసుకోండి. కొంతమందికి మచ్చే రాదు కూడా.

ఆ తర్వాత రెండు వారాలు ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, మెడ పట్టేసినట్టు, మెట్లెక్కితే నీరసం. నైట్ షిఫ్టుల వల్ల అనుకున్నా. ఇక్కడ జూన్‌లో రాత్రి పదిన్నర దాకా వెలుతురే, మనకి నిద్ర ఎలా పడుతుంది, దాని మీదకి తోసేశా.

రోగం పేరు లైమ్ డిసీజ్. నిమ్మకాయ లైమ్ కాదు, అమెరికాలో కనెక్టికట్‌లో లైమ్ అనే ఊరుంది, 1970లలో అక్కడ బయటపడిందని ఆ పేరు. బొరీలియా అనే బ్యాక్టీరియా, గోమారి కడుపులో ఉంటుంది. స్కాట్లాండ్ మొత్తంలో హైలాండ్స్‌లోనూ మా దీవుల్లోనూ ఎక్కువ. దుప్పుల మీద గోమార్లు బతుకుతాయని దుప్పుల్నే లేకుండా చేద్దామా అని ఇక్కడ 2023లో ఓటింగ్ కూడా పెట్టారు, ఎందుకంటే ఇక్కడి భూములున్న ఎస్టేటు 2006 నుంచి ఊరి జనం చేతుల్లోనే ఉంది, నిర్ణయాలు వాళ్ళవే. వద్దన్నవాళ్ళే గెలిచారు. ఇప్పటికీ ఆ మాటెత్తితే రెండు వర్గాలవుతారు, నేను ఎటని అడిగితే నా మూతి వైపు చూపించి ఊరుకుంటా.

రక్తం తీసి ఇన్వర్నెస్‌లో రైగ్‌మోర్ హాస్పిటల్లో ఈ గోమారి జబ్బులకే ప్రత్యేకంగా ల్యాబ్ ఉంది, అక్కడికి పంపించారు. రిజల్ట్ కోసం ఆగకుండా ఆ రోజే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, 100 మిల్లీగ్రాములు రోజుకి రెండు, 21 రోజులు. మాత్ర వేసుకున్నాక గ్లాసుడు నీళ్ళు తాగి నిటారుగా కూర్చోవాలి, పడుకుంటే గొంతులో పుండు పడుతుంది. పాలు, పెరుగు మాత్రతో పాటు వద్దన్నారు, పెరుగన్నం లేకపోతే అన్నం తిన్నట్టే ఉండని దాన్ని, గడియారం చూసుకుని తిన్నా. ఎండ తగలకూడదు అని కూడా రాసుంది, అది చదివి నవ్వుకున్నా ఈ వానల దీవిలో ఎండెక్కడిదని, నాలుగో రోజు బట్టలు ఆరేసి వచ్చేసరికి చేతుల వెనక మండిపోయింది.

మాత్రలు సరే, కష్టమంతా కంటితోనే. రెప్ప పడదు కాబట్టి కన్ను ఎండిపోతుంది, పగలు డ్రాప్స్, రాత్రి మందు పూసి రెప్ప మూసి టేప్ వెయ్యాలి. ఆ పని బావ చేసేవాడు. పొద్దున్నంతా చల్లటి నీళ్ళలో వలలు లాగి మొద్దుబారిన వేళ్ళు, వాటిని టీ కప్పుకి పట్టి వెచ్చబెట్టుకుని, ఊపిరి బిగబట్టి రెప్ప దించేవాడు. మా పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు కూడా అంత శ్రద్ధ లేదు, అప్పుడు మూడో ముడి మా ఆడపడుచు వేసింది. టేప్ వేశాక క్లాసు. పప్పు, బెండకాయ, మామిడికాయ, భీమవరం, ఒక్కొక్కటి పదిసార్లు అనిపించేవాడు. నేను వీవవరం అంటుంటే మా ఊరి పరువు తీశావు అనేవాడు.

నేను ఇంట్లోంచి బయటకి రాకూడదని తీర్మానించుకున్నా, మూతి బాగయ్యేదాకా ఎవరికీ కనబడను అని. అది హైదరాబాద్ అయితే కుదిరేది. ఇక్కడ తలుపులకి తాళాలెయ్యరు, వాకిట్లో రోజూ ఏదో ఒకటి ఉండేది, గుడ్లు, సూపు గిన్నె, పీతలు ఒకసారి బతికున్నవే బకెట్లో. కేర్ హోమ్‌లో వాళ్ళు నా షిఫ్టులు వాళ్ళే పంచేసుకున్నారు. ఇక్కడ ఎక్కువమంది కాథలిక్కులు, ఆదివారం చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేశారంట, మా అమ్మకి చెప్తే తను అక్కడ మావుళ్ళమ్మ గుడిలో చేయించిందిగా, ఇద్దరూ మాట్లాడుకుంటారులే అంది. కోఆప్ అనే సరుకుల షాపుకి పాల ప్యాకెట్ కోసం తప్పక వెళ్తే కౌంటర్ దగ్గర అమ్మాయి ఏదీ నవ్వు చూపించు అంది, వెనక లైన్లో ఉన్నవాళ్ళందరూ వంగి చూశారు, నిన్నటి కన్నా బెటర్ అని తీర్పిచ్చారు. అంటే నిన్న ఎవరు చూశారు నన్ను? మా ఊళ్ళో అరుగుల మీద ముసలాళ్ళు నయం అనిపించింది. చిరాకు పడ్డ మాట నిజం, ఒకరోజు నాయనమ్మగారి మీద విసుక్కున్నా కూడా. ఆవిడ ఏమీ అనుకోలేదు, మర్నాడు స్కోన్లతో వచ్చి, ఆవిడ తమ్ముడికి చిన్నప్పుడు ఇలాగే మూతి తిరిగిందనీ, అప్పట్లో కారణం ఎవరికీ తెలీదనీ, ఆయనది పూర్తిగా సరి అవ్వలేదనీ చెప్పారు. అందుకే నా మొహం చూడగానే ఆవిడకి గార్టన్ అన్న మాట వచ్చింది.

మూడో వారం చివర్లో కుడి పెదవి చివర పురుగు పాకినట్టు చిన్న కదలిక. రైగ్‌మోర్ నుంచి పాజిటివ్ అని అప్పటికే వచ్చేసింది. ఆగస్టు నెలాఖరుకి రెప్ప పూర్తిగా పడింది, టేప్ చుట్ట ఇంకా సగం మిగిలే ఉంది డ్రాయర్‌లో. నీరసం మాత్రం అక్టోబర్ దాకా వదల్లేదు. ఇప్పటికీ బాగా అలిసిపోతే ఫోటోల్లో కుడి కన్ను కాస్త చిన్నగా కనబడుతుంది, నాకూ బావకీ తప్ప తెలీదు. సరే, కోఆప్ వాళ్ళకి కూడా తెలుసు.

ఈ ఏడాది పీట్‌కి మళ్ళీ వెళ్ళాం, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని. ఇంటికొచ్చాక రాత్రి లైటు వేసి ఒకళ్ళనొకళ్ళం చూసుకోవడం ఇప్పుడు అలవాటు, చంకలు, మోకాళ్ళ వెనక, జుట్టు మొదట్లో. గేదెకి చూసినట్టు చూస్తున్నావు అని బావ గొణుగుతాడు. మొన్న నా మీద ఏమీ లేదు, బావ చెవి వెనక దొరికింది ఒకటి, గసగసాల గింజంత. చెవి పట్టుకుని పట్టకారు ఆనించి "బావా, కదలకు" అన్నా.

"బ బాగానే పలుకుతోందే" అన్నాడు, తల తిప్పకుండానే.