సెకండ్ మాలిగ్నెన్సీ ప్రశ్నను నేను ఎలా చదివానంటే

రేడియేషన్ ఆంకాలజీ ఎండీ, డీఎన్‌బీ పరీక్షలకు కూర్చోబోతున్న మిత్రుల కోసం రాస్తున్నాను. రేడియేషన్ ఇచ్చే కొత్త టెక్నిక్స్ వల్ల, ఆ ట్రీట్‌మెంట్ కారణంగానే ఏళ్ల తర్వాత వచ్చే రెండో క్యాన్సర్ (సెకండ్ మాలిగ్నెన్సీ) రిస్క్ పెరుగుతుందా అన్న ప్రశ్న రేడియోబయాలజీ పేపర్లోనూ రావచ్చు, ఫిజిక్స్‌లోనూ రావచ్చు. వైవాలో లింఫోమా కేసు పడితే అక్కడా తప్పదు. చోటుకో నోట్సు రాసుకునే ఓపిక నాకు లేదు. అందుకే దేన్ని చదివినా ఒక్కటే అడుక్కునేవాణ్ని: డోసు ఎక్కడ పడుతోంది?

డెఫినిషన్ దగ్గర ఎక్కువసేపు ఆగకండి. 1948 నాటి కహాన్ క్రైటీరియా చాలు. రెండో ట్యూమర్ రేడియేషన్ పడిన చోటే రావాలి, మధ్యలో కొన్నేళ్ల లేటెంట్ పీరియడ్ ఉండాలి, హిస్టాలజీ (మైక్రోస్కోప్ కింద కనిపించే కణాల తీరు) మొదటిదానికి వేరుగా ఉండాలి. ల్యుకేమియా 5 నుంచి 7 ఏళ్లకు పీక్‌కు వస్తుంది, సాలిడ్ ట్యూమర్లకు పదేళ్లు, ఆపైన పడుతుంది. అంతే, ముందుకు వెళ్లిపోండి.

టైమ్ పెట్టాల్సింది ఐఎంఆర్‌టీ మీద, అంటే చాలా దిక్కుల నుంచి బీమ్ తీవ్రతను మారుస్తూ డోసును ట్యూమర్ ఆకారానికి మలిచే పద్ధతి మీద. 2003లో హాల్, వూ రాసిన పేపర్‌ను అందరూ "ఐఎంఆర్‌టీతో రిస్క్ రెట్టింపు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందులో ఉన్నది పదేళ్లు బతికిన వాళ్లలో 1 శాతం నుంచి 1.75 శాతానికి పెరగవచ్చన్న అంచనా. లెక్కగట్టి చెప్పిన మాటే గానీ పేషెంట్లను ఫాలో అయి తేల్చింది కాదు. జవాబులో ఈ తేడా తప్పకుండా రాయండి. కారణాలు రెండు. ఫీల్డులు పెరిగే కొద్దీ నార్మల్ టిష్యూలో ఎక్కువ భాగానికి తక్కువ డోసు అందుతుంది. మానిటర్ యూనిట్లు (మెషిన్ ఎంత బీమ్ ఇచ్చిందో చెప్పే కొలత) రెండు మూడు రెట్లు కావడంతో మెషిన్ హెడ్ నుంచి లీకేజీ వల్ల ఒళ్లంతటికీ చేరే డోసూ పెరుగుతుంది. వీమ్యాట్‌లో (మెషిన్ పేషెంట్ చుట్టూ ఆర్క్‌లో తిరుగుతూ ఇచ్చే ఐఎంఆర్‌టీ) మానిటర్ యూనిట్లు తగ్గుతాయి కాబట్టి రెండో కారణం బలం కొంత తగ్గుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. ఫ్లాటెనింగ్ ఫిల్టర్ (బీమ్‌ను సమంగా చేసే లోహపు ముక్క) తీసేస్తే హెడ్ స్కాటర్, లీకేజీ తగ్గుతాయి. బీమ్ ఎనర్జీ 10 ఎంవీ దాటితే న్యూట్రాన్లు పుట్టే గొడవ మొదలవుతుంది, కాబట్టి ఐఎంఆర్‌టీకి 6 ఎంవీ ఎందుకు వాడతామన్నదీ ఇక్కడే చెప్పేయొచ్చు.

నాకు పుస్తకం కన్నా టీపీఎస్ (రేడియేషన్ ప్లాన్ వేసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) ఎక్కువ నేర్పింది. మామూలుగా ప్లాన్ చూసేటప్పుడు ట్యూమర్‌కు ఇవ్వాల్సిన డోసులో 95 శాతం పడే లైను దగ్గరే కళ్లు ఆగిపోతాయి. మీ ఫిజిసిస్ట్‌ను బతిమాలి, ఇరవై ఏళ్ల అమ్మాయికి మీడియాస్టైనల్ హాడ్జ్‌కిన్స్ (ఛాతీ మధ్యలోని లింఫోమా) ప్లాన్ ఒకటి తీయించండి. ఏపీ-పీఏ (ముందు నుంచి ఒక బీమ్, వెనక నుంచి ఒక బీమ్) ఒకటి, ఫుల్ ఆర్క్ వీమ్యాట్ ఒకటి పక్కపక్కన పెట్టి 5 గ్రే (డోసు యూనిట్) లైను ఆన్ చేయండి. వీమ్యాట్‌లో హై డోసు టార్గెట్‌ను చక్కగా హత్తుకుంటుంది, కానీ ఆ 5 గ్రే గోడకు పట్టిన చెమ్మలా రెండు బ్రెస్టుల్లోకీ, లంగ్స్‌లోకీ పాకి ఉంటుంది. బటర్‌ఫ్లై ఆర్క్‌లు (పక్కలు వదిలేసి ముందు, వెనకల నుంచే తిరిగే ఆర్క్‌లు) ఎందుకు వచ్చాయో, డీప్ ఇన్‌స్పిరేషన్ బ్రెత్ హోల్డ్ (గాలి బాగా పీల్చి బిగబట్టడం) ఎందుకు చేయిస్తారో ఇక బట్టీ పట్టక్కర్లేదు.

నంబర్లు రాసేటప్పుడు రిలేటివ్, ఆబ్సల్యూట్ రెండూ రాయండి. బ్రెన్నర్ 2000లో ఇచ్చిన ప్రోస్టేట్ డేటా దీనికి బాగా పనికొస్తుంది. పదేళ్లకు పైగా బతికిన వాళ్లలో సర్జరీతో పోలిస్తే రేడియోథెరపీ తీసుకున్నవారికి రిస్క్ 34 శాతం ఎక్కువ. వినడానికి భయంగా ఉంటుంది. అదే ఆబ్సల్యూట్‌గా చూస్తే దాదాపు 70 మందిలో ఒకరు.

ప్రోటాన్ (ఎక్స్‌రేలకు బదులు ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్) అంటే రిస్క్ లేదని రాసేయకండి. బీమ్‌ను చెదరగొట్టి వెడల్పు చేసే పాసివ్ స్కాటరింగ్‌లో న్యూట్రాన్లు పుడతాయి, సన్నటి బీమ్‌తో టార్గెట్‌ను చుక్కచుక్కగా నింపే పెన్సిల్ బీమ్ స్కానింగ్‌లో అవి బాగా తక్కువ. 2013లో చుంగ్ హార్వర్డ్ సైక్లోట్రాన్‌లో ప్రోటాన్ తీసుకున్న పేషెంట్లను ఫోటాన్ (మామూలు ఎక్స్‌రే) వాళ్లతో పోల్చితే రెండో క్యాన్సర్లు ప్రోటాన్ వాళ్లలో 5.2 శాతం, ఫోటాన్ వాళ్లలో 7.5 శాతంగా తేలాయి. ర్యాండమైజ్డ్ స్టడీ కాదని పక్కనే రాయండి. మనకు దగ్గర్లో 2019 నుంచి చెన్నైలో ప్రోటాన్ ఉంది, క్రేనియోస్పైనల్ (మెదడు, వెన్నుపాము మొత్తానికీ ఇచ్చే) ప్లాన్ చూసే అవకాశం దొరికితే వదలొద్దు. పోస్టీరియర్ బీమ్ వెర్టిబ్రా దాటాక ఆగిపోవడం ఒకసారి స్క్రీన్ మీద చూస్తే చాలు.

డోసు పెరిగే కొద్దీ రిస్క్ తిన్నగా పెరుగుతూ పోదు. థైరాయిడ్‌లో 20 గ్రే దాటాక సెల్ కిల్లింగ్ వల్ల కర్వ్ దిగుతుంది, బ్రెస్ట్‌లో మాత్రం ఎక్కువ డోసుల్లోనూ పైకే వెళుతుంది. ఈ గ్రాఫు చేత్తో గీయడం ప్రాక్టీస్ చేయండి, పేపర్లో అర పేజీ మిగులుతుంది. ఇక హోస్ట్ ఫ్యాక్టర్లకు రెండు లైన్లు చాలు: చిన్న వయసు, ఆర్‌బీ1 జీన్ మ్యుటేషన్, లీ-ఫ్రౌమెనీ (క్యాన్సర్లు ఎక్కువగా వచ్చే వంశపారంపర్య సిండ్రోమ్), హాడ్జ్‌కిన్స్ తర్వాత సిగరెట్.

"అయితే పిల్లలకు ఐఎంఆర్‌టీ ఇవ్వవా?" అని వైవాలో తప్పకుండా మెలిక పెడతారు. ఇవ్వనని చెప్పకండి. ఉన్న జబ్బు తగ్గకపోతే పాతికేళ్ల తర్వాతి రిస్క్ గురించి ఆలోచించే అవసరమే రాదు. బ్రెయిన్‌స్టెమ్ పక్కనున్న ట్యూమర్‌కు కన్ఫార్మాలిటీ (డోసు ట్యూమర్ ఆకారాన్ని అచ్చంగా హత్తుకోవడం) కావాలి, ఇస్తానని చెప్పి ఎందుకో చెప్పండి. తర్వాత ఫాలో-అప్ అడుగుతారు. ఛాతీకి రేడియేషన్ పడిన అమ్మాయికి 25 ఏళ్లు వచ్చినప్పటి నుంచి, లేదా ట్రీట్‌మెంట్ అయిన 8 ఏళ్ల తర్వాత, ఏది ఆలస్యమైతే అప్పటి నుంచి ఏటా బ్రెస్ట్ స్క్రీనింగ్, మామోగ్రామ్‌తో పాటు ఎమ్మారై కూడా.