ఎగ్ పఫ్ మానేసి, గ్లూటెన్ మానేశాననుకున్నా

మాది కర్నూలు. కలెక్టరేట్ దగ్గర చిన్న జిరాక్స్ షాపు. పొద్దున తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే రాత్రి ఎనిమిదిన్నరకు లేస్తా. మధ్యలో కదిలేవి చేతులే. ఎత్తు 168 సెంటీమీటర్లు, మొన్న సంక్రాంతికి బరువు 88 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క, వేస్తే 31 వచ్చింది. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయం అంటారు. ఆ గీత నేనెప్పుడు దాటానో నాకే గుర్తు లేదు.

పండక్కి బెంగళూరు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. నేను మూడో బచ్చం (బొబ్బట్టు) మీద నెయ్యి వేసుకుంటుంటే చూసి, "మామా, నువ్వు తినేదంతా గ్లూటెనే. రెండు నెలలు గోధుమ ముట్టొద్దు, ఎట్ల తగ్గుతావో చూడు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పదేళ్ల కింద ఇదే ఇంట్లో, రాత్రిపూట అన్నం మాని చపాతీ తింటే సన్నబడతారని నన్ను చపాతీల్లోకి దించారు. మా వీధి చివర చపాతీలు చేసి అమ్మే ఆమె ఆ నమ్మకం మీదే మేడ కట్టింది. ఇప్పుడు ఆ చపాతీయే దోషి అయ్యింది. సరే, వాడి మాటా చూద్దామనుకున్నా.

అసలు గ్లూటెన్ అంటే ఏంటో నాకు చెప్పింది మా అమ్మ. ఆమెకు ఆ పేరు తెలియదు. ఆమెది పత్తికొండ దగ్గర పల్లె, డెబ్బై ఏళ్లుగా జొన్నరొట్టె మీద బతుకుతున్న మనిషి. ఆ రాత్రి వంటింట్లో జొన్నపిండిలో కాగుతున్న నీళ్లు పోసి గరిటెతో కలిపింది. కాస్త చల్లారాక అరచేతి మడమతో పిసికి, ముద్ద తీసి పీట మీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. అంచు పగిలినప్పుడల్లా రెండో చేత్తో లోపలికి ఒత్తుతోంది.

"కర్రతో వత్తొచ్చు కదమ్మా?"

"వత్తితే పగులుతాది. దీనికి గోధుమపిండికున్న సాగుడు లేదు. అందుకే యేణ్నీళ్లు పోసి పిసకాల."

ఆ సాగుడే గ్లూటెన్. మరునాడు ఉత్సాహం ఆగక గోధుమపిండి ముద్దను కుళాయి కింద పట్టుకొని పది నిమిషాలు కడిగా. తెల్లగా పిండి నీళ్లన్నీ పోయి, చివరికి చేతిలో నమిలేసిన చూయింగ్ గమ్ లాంటి ముద్ద మిగిలింది. అది మాంసకృత్తు, ప్రొటీన్. మనిషిని లావు చేసే కొవ్వూ కాదు, చక్కెరా కాదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. జొన్న, సద్ద, కొర్ర, రాగి, బియ్యం, కందిపప్పు, శనగపిండి, బుడ్డలు (వేరుశనగలు), వీటిలో వేటికీ గ్లూటెన్ లేదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోనే ఉంటుంది. మా అవ్వ పుట్టినప్పటి నుంచి పోయేదాకా గ్లూటెన్ లేని తిండే తిన్నట్టు. పండగనాటి బచ్చాలు తప్ప.

మొదటి నెల గట్టిగానే ఉన్నా. పూరీ, బొంబాయి రవ్వ ఉప్మా, టీలో ముంచుకునే రస్కు, ఆదివారం పరోటా బంద్. సాయంత్రం నాలుగున్నరకు పక్క బేకరీ నుంచి వచ్చే రెండు ఎగ్ పఫ్‌లు కూడా బంద్. ఆ పఫ్‌లు ఎనిమిదేళ్ల అలవాటు, డబ్బులు కూడా అడగకుండా బేకరీవాడు నెలాఖరుకు పద్దు రాసేవాడు. ఫిబ్రవరి మధ్యకు తూకం 84.5. ప్యాంటు వదులైంది. కౌంటర్ దగ్గరికొచ్చిన ప్రతివాడికీ గ్లూటెన్ గురించి ఉపన్యాసం ఇచ్చా. ఆధార్ జిరాక్స్ కోసం వచ్చిన పాపానికి ఒక పెద్దాయన పావుగంట విన్నాడు, పాపం.

తర్వాత నుంచి కథ తిరగబడింది.

గ్లూటెన్ లేదంటే చాలు, ఎంతైనా తినొచ్చని నా మనసు తీర్మానం చేసేసుకుంది. ఉగ్గాని బజ్జీనే తీసుకోండి. బొరుగుల్లో గ్లూటెన్ లేదు, బజ్జీ శనగపిండిలో లేదు, మిరపకాయలో లేదు. అందుకని పొద్దున్నే ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు. షాపులో నోరాడకపోతే వేయించిన బుడ్డలు. వంద గ్రాముల బుడ్డలంటే 560 కేలరీలకు పైమాటే, రెండు పూటల సంగటి ముద్దలంత. ఆన్‌లైన్లో గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు కూడా తెప్పించా. ధర మామూలు బిస్కెట్లకు నాలుగింతలు. వెనక అచ్చేసింది చదివితే బియ్యప్పిండి, సగ్గుబియ్యం పిండి, చక్కెర, పామాయిల్. కేలరీలు మామూలు బిస్కెట్ల కంటే ఓ పిసరు ఎక్కువే. ఏప్రిల్ ఆఖరుకు మళ్లీ 85.5.

అదే సమయంలో కడుపుబ్బరం మొదలైంది. డాక్టరు దగ్గరికి పోయి, గోధుమ పడదేమోనని మూడు నెలలుగా మానేశా అని గొప్పగా చెప్పా.

"పరీక్ష చేయించుకున్నాక మానేశారా, మానేశాక వచ్చారా?" అని అడిగాడాయన.

నోట మాట రాలేదు. సీలియాక్ అనే జబ్బుంటే గ్లూటెన్ తిన్నప్పుడు శరీరం తన పేగు గోడనే దెబ్బతీసుకుంటుంది. దాన్ని టీటీజీ యాంటీబాడీల రక్తపరీక్షతో పట్టుకోవాలి. గోధుమ మానేస్తే ఆ యాంటీబాడీలు తగ్గిపోతాయి, జబ్బున్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే మానడం. నేను తలకిందులుగా చేశా. "ఆరు వారాలు రోజూ రెండు చపాతీలు తిని రండి" అన్నాడు. మన దేశంలో చేసిన సర్వేలో ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిన వెయ్యికి ఒకరిలో కనిపించిందట.

లేవబోతూ అడిగా, మరి బరువు సంగతేంటని.

"సీలియాక్ ఉన్నవాళ్లలో చాలామంది సన్నగా, రక్తం లేక పాలిపోయి వస్తారు. గోధుమ మానితే పేగు నయమవుతుంది, తిన్నది ఒంటికి పడుతుంది, బరువు పెరుగుతారు. మీకు మొదటి నెల తగ్గింది పఫ్‌లూ పరోటాలూ పోయినందుకు. అందులో కొంత నీళ్లు కూడా."

ఇంకోటి కూడా చెప్పాడు, నాకు సిగ్గేసింది. నిజంగా జబ్బున్నవాళ్లు ఇంగువ డబ్బా మీద కూడా చదువుకోవాలట, చాలా ఇంగువల్లో గోధుమపిండి కలుపుతారు. గోధుమలు ఆడించిన మిల్లులోనే జొన్నలు ఆడించినా వాళ్లకు ప్రమాదమే. నేను మూడు నెలలు గ్లూటెన్ ముట్టలేదని ఊరంతా చాటి, రోజూ ఇంగువ తాలింపు చారు తాగుతున్నా. మా ఇంటి జొన్నపిండి వచ్చేది కూడా అందరూ గోధుమలు ఆడించుకునే మిల్లు నుంచే.

ఆ ఆరు వారాలు చపాతీ తిన్నా. అయితే ఈసారి జిరాక్స్ పాడైన కాగితాల వెనకవైపు కుట్టి ఓ పుస్తకం చేసుకొని, నోట్లో పడిన ప్రతిదీ రాశా. ఉగ్గాని ఆదివారానికే, బజ్జీ ఒకటే. బుడ్డలు గుప్పెడు. ఇంటికి నెలకు ఐదు లీటర్ల నూనె కొనేవాళ్లం, మా ఆవిడ మూడుకు దించింది. "వంకాయ ఏడుస్తాది మీ వల్ల" అంది, కానీ దించింది. పొద్దున ఐదున్నరకు కె.సి. కెనాల్ గట్టు మీద నలభై నిమిషాల నడక. కర్నూలు మే నెలలో అంతకంటే ఆలస్యమైతే నడకుండదు, మాడడమే. అంత తెల్లారే లేవడానికి నేనెంత ఏడ్చానో రాస్తే ఇంకో పుస్తకమవుతుంది.

రోజూ గోధుమ తింటూ ఆరు వారాల్లో 85.5 నుంచి 83కు వచ్చా. పరీక్ష నెగటివ్. కడుపుబ్బరం బజ్జీలతో పాటే పోయింది.

లెక్క చూస్తే ఇందులో వింతేం లేదు. వంద గ్రాముల గోధుమపిండికైనా, జొన్నకైనా, రాగికైనా, బియ్యానికైనా కేలరీలు 320, 360 మధ్యలోనే. పీచు గోధుమపిండిలో, జొన్నలో పది గ్రాములకు అటూఇటూ, తెల్లబియ్యంలో మూడు కూడా ఉండదు. చపాతీ మానేసి ఆ స్థానంలో సోనామసూరి అన్నం ఇంకో గరిటె పెట్టించుకుంటే నష్టమే గానీ లాభం లేదు. నేను ఇప్పుడు రాత్రి జొన్నరొట్టె తింటున్నా. గ్లూటెన్ కోసం కాదు, రెండోది మింగేసరికే కడుపు నిండుతుంది కాబట్టి. చపాతీలు నాలుగు పోయేవి.

దసరాకు మేనల్లుడు వచ్చి, "చెప్పానా మామా!" అన్నాడు. వాడి చేతిలో ఆ పుస్తకం పెట్టా. రెండు పేజీలు తిప్పి, ఇప్పుడు కీటో అని ఇంకోటి వచ్చిందన్నాడు. మా అమ్మ వాడి కంచంలో ఇంకో రొట్టె వేసి, "ముందు తిను నాయనా" అంది.

ఇవాళ్టికి నా బరువు 79. సాయంత్రం నాలుగున్నరకు పఫ్‌ల ట్రే బయటికి తీసిన వాసన షాపు దాకా వస్తూనే ఉంది. శనివారం ఒకటి తింటున్నా. అదీ పుస్తకంలో రాస్తున్నా.